నాగలి పట్టని మతం

మా నాయనమ్మ దీపాలు పెట్టాక కరివేపాకు రెమ్మ కూడా తుంచనిచ్చేది కాదు. పొయ్యి మీద చారు మరుగుతున్నా, పోపులోకి కరివేపాకు లేదని అమ్మ విసుక్కుంటున్నా సరే, "చెట్లు పడుకున్నాయి, ఈ వేళప్పుడు ఎవరైనా లేపుతారా" అనేది. తెల్లారాక ఆవిడే వెళ్ళి అదే చెట్టు నుంచి చేటెడు ఆకు దూసుకొచ్చేది, అందులో ఆవిడకి ఏ బాధా లేదు. రాత్రి ప్రాణి, పగలు కూర. చిన్నప్పుడు నేను దీన్ని మూఢనమ్మకం అని ఎగతాళి చేసేవాణ్ణి. మానీ అనే పాతకాలపు ప్రవక్త కథ చదివాక ఎగతాళి మానేశాను. ఎందుకంటే సరిగ్గా ఈ సర్దుబాటు చేసుకోలేకే ఒక పెద్ద మతం, ఒక వైపు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నుంచి ఇంకో వైపు చైనా సముద్రం దాకా పాకిన మతం, పోయిందని నాకు గట్టి నమ్మకం.

మామూలుగా చెప్పే కథ వేరే. రోమ్ వాళ్ళు తగలబెట్టారు, పర్షియా వాళ్ళు సంకెళ్ళు వేశారు, ఖలీఫాలు తలలు తీయించారు, చైనా వాళ్ళు నిషేధించారు, ఇంతమంది మీద పడితే ఏ మతం బతుకుతుంది అంటారు. ఇవన్నీ నిజంగా జరిగాయి, కాదనను. కానీ దెబ్బలు తిన్న ప్రతి మతమూ చావలేదు కదా. యూదుల్ని ఎంతమంది తరిమారు? క్రైస్తవుల్ని రోమ్ సింహాలకి వేయలేదా? ఆ లెక్కన వాళ్ళూ పోవాలి. మానీ మతం మాత్రమే ఎందుకు పోయిందంటే దాని వంటింట్లోనే ఒక చిక్కు ఉంది, నేను మాట్లాడాలనుకుంటున్నది దాని గురించి.

మానీ క్రీ.శ. 216లో పుట్టాడు. ఇప్పటి ఇరాక్ దక్షిణ భాగం, అప్పటి బాబిలోనియా. తండ్రి పాతిగ్ ఒక స్నానాల గుంపులో చేరి, పిల్లాణ్ణి కూడా అక్కడికే తీసుకుపోయాడు. ఎల్కసాయి అనే ఆయన పేరు చెప్పుకునే యూద-క్రైస్తవ గుంపు అది. మాంసం లేదు, ద్రాక్షసారాయి లేదు, రోజూ మునకలు. అక్కడితో ఆగకుండా తినబోయే కూరగాయలకి కూడా బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు. ఇదంతా మనకెలా తెలుసంటే, జర్మనీలో కొలోన్ యూనివర్సిటీ దగ్గర గ్రీకులో రాసిన ఒక తోలు పుస్తకం ఉంది, సుమారు అగ్గిపెట్టెంత, నాలుగున్నర సెంటీమీటర్ల పొడుగు, మూడున్నర వెడల్పు. 1969లో దాని పేజీలు విడదీసి చదివారు. చూస్తే మానీ బాల్యమంతా అందులో ఉంది.

అందులో నాకు బాగా నచ్చినది కూరగాయల గొడవే. ఇరవై నాలుగేళ్ళ మానీ పెద్దల్ని నిలదీస్తాడు. మీరు కడిగిన కూర తిన్నా, కడగని కూర తిన్నా కడుపులో జరిగేది ఒకటే, బయటికి వచ్చేదీ ఒకటే, అలాంటప్పుడు ఈ కడుగుడు ఎందుకు అంటాడు. మన ఇళ్ళలో మడి గురించి ఏ కుర్రాడో ఇలా అడిగితే ఏమవుతుందో అక్కడా అదే అయింది, కొట్టబోయారు. ఇంత సూటిగా అడిగినవాడు తర్వాత హేతువాది అవుతాడనుకుంటాం, కానీ ఆయన వెళ్ళింది పూర్తిగా ఎదురువైపు. అదే పుస్తకంలో ఖర్జూర చెట్టు మాట్లాడుతుంది, మమ్మల్ని నరికితే నువ్వూ హంతకుడితో పాటు పోతావంటుంది. కొడవలితో కోసిన కూరల నుంచి నెత్తురు కారుతుంది, అవి చిన్నపిల్లల్లా ఏడుస్తాయి. నాయనమ్మ చెట్లు రాత్రిపూట పడుకునేవి. మానీ చెట్లు ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఏడుస్తూనే ఉంటాయి, తేడా అంతే.

ఆయన సిద్ధాంతం చాలా పెద్దది, దేవతల జాబితానే ఒక పేజీ. నేను రెండు ముక్కల్లో చెప్తాను. మొదటినుంచీ వెలుగు, చీకటి అని రెండు వేర్వేరు రాజ్యాలు ఉన్నాయి. చీకటి వెలుగు మీదికి దండెత్తింది, ఆ పోరులో వెలుగు ముక్కలై మట్టిలో, చెట్టులో, ఒంట్లో ఇరుక్కుపోయింది. ఆ ముక్కల్ని విడిపించి పైకి పంపడమే లోకం పని. చంద్రుడు ఒక పడవ, శుక్లపక్షం పదిహేను రోజులూ విడుదలైన వెలుగుని ఎక్కించుకుని నిండుతాడు, కృష్ణపక్షంలో సూర్యుడికి దించేసి ఖాళీ అవుతాడు. ఎంత అందంగా ఉంది చూడండి. దీన్ని కవిత్వంగా వదిలేసి ఉంటే ఏ ఇబ్బందీ వచ్చేది కాదు. ఆయన దీన్ని సైన్సుగా చెప్పాడు.

పెరగడం మాత్రం మామూలుగా పెరగలేదు. 240 ప్రాంతంలో ఓడెక్కి సింధు వైపు వచ్చాడు, ఇప్పటి బలూచిస్తాన్‌లో తురాన్ రాజుని తన వైపు తిప్పుకున్నాడు, బౌద్ధుల్ని దగ్గర నుంచి చూశాడు. (అవే రోజుల్లో మన కృష్ణ ఒడ్డున విజయపురిలో ఇక్ష్వాకుల కాలపు విహారాలు లేస్తున్నాయి, ఆయన అంత దూరం రాలేదు.) తిరిగి వెళ్ళి పర్షియాని ఏలుతున్న సాసానీ చక్రవర్తి మొదటి షాపూర్‌ని కలిసి, ఆయన పేరు మీద 'షాబుహ్రగాన్' అని పర్షియన్‌లో పుస్తకం రాసిచ్చాడు. అందులో చెప్పుకున్నది ఏమిటంటే, బుద్ధుడు ఇండియాకి వచ్చాడు, జరతుష్ట్రుడు పర్షియాకి వచ్చాడు, ఏసు పడమటికి వచ్చాడు, ఇప్పుడు నేను బాబిలోనియాకి వచ్చాను అని. వాళ్ళందరి మాటలూ శిష్యులు రాసుకున్నవి, తాను మాత్రం తన మాట తనే రాస్తున్నానని ఆయనకి గొప్ప. రాశాడు, బొమ్మల పుస్తకం కూడా గీయించాడు, పర్షియన్‌కి అప్పుడున్న గజిబిజి లిపి వదిలేసి శుభ్రమైన అక్షరాలు వాడుకలో పెట్టాడు. ప్రచారకుల్ని నాలుగు దిక్కులా పంపాడు, ఎక్కడికి వెళ్తే అక్కడి దేవుళ్ళ పేర్లు వాడుకోమన్నాడు. చైనా చేరేసరికి ఆయన పేరుని బౌద్ధులు మన సంస్కృతం 'మణి'ని రాసే అక్షరాలతోనే రాశారు. మన భాషలో అయితే మానీ అంటే అన్నీ మానేసినవాడు అనిపిస్తుంది, అది కూడా తప్పేమీ కాదు.

షాపూర్ పోయాక కాలం తిరిగింది. జరతుష్ట్ర పూజారి కర్తీర్ చేతికి బలం వచ్చింది, ఎవరెవర్ని అణిచామో రాతి మీద చెక్కించుకున్నాడు: యూదులు, శ్రమణులు, బ్రాహ్మణులు, క్రైస్తవులు, జందీకులు. ఆ చివరి మాట మానీ వాళ్ళ గురించే. మానీని అప్పటి రాజు మొదటి బహ్రామ్ దగ్గరికి పిలిపించారు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పే ఒక చిరుగు కాయితం మిగిలింది. రాజు భోజనం మీద ఉన్నాడు, చెయ్యి కూడా కడుక్కోలేదు. మానీని తలుపు దగ్గర నిలబెట్టారు. రాజు లేచి వచ్చి, నువ్వు రావడం నాకిష్టం లేదన్నాడు. నేనేం తప్పు చేశానని మానీ అడిగితే, నువ్వు దేనికి పనికొస్తావు, యుద్ధానికి పోవు, వేటకి పోవు, పోనీ వైద్యానికైనా పనికొస్తావనుకుంటే అదీ చెయ్యవు అన్నాడు. నేను ఎంతమందికి జ్వరాలు, దయ్యాలు వదిలించానో అడుగు అని మానీ చెప్పుకొచ్చాడు, ఎవరు వింటారు. గుండేషాపూర్ జైల్లో ఇరవై ఆరు రోజులు సంకెళ్ళలో ఉండి పోయాడు. ఏటా ఆ రోజుల్లో శిష్యులు ఖాళీ పీఠం ఒకటి వేసి, దాన్ని అలంకరించి పండగ చేసుకునేవాళ్ళు.

రాజు తిట్టులో నాగలి లేదు. నేనైతే దాన్నే ముందు పెడతాను. ఈ మతంలో మనుషులు రెండు రకాలు. ఒకరు ఎంపికైనవాళ్ళు, అంటే సన్యాసులు, ఆడవాళ్ళు కూడా ఉండొచ్చు. రెండోవాళ్ళు వినేవాళ్ళు. సన్యాసి పంట కోయకూడదు, కొమ్మ విరవకూడదు, పిండి విసరకూడదు, వండకూడదు, పెళ్ళి చేసుకోకూడదు. రోజుకి ఒక్కపూట భోజనం, అది వినేవాళ్ళు తెచ్చిపెట్టాలి, పుచ్చకాయలూ దోసకాయలూ అయితే మరీ మంచిది, వాటిలో వెలుగు ఎక్కువ. ఆ భోజనం ఆకలి కోసం కాదు, సన్యాసి పొట్టే ఒక బట్టీ. తిండిలో చిక్కుకున్న వెలుగు ఆయన కడుపులో విడుదలై పాటలతో, ప్రార్థనలతో పైకి పోతుంది, అక్కడ పడవ సిద్ధంగా ఉంటుంది. మరి ఆ గోధుమ కోసినవాడి సంగతి? వాడు వెలుగుని గాయపరిచాడు, అంటే పాపం చేశాడు. రొట్టె చేతికి వచ్చాక సన్యాసి ఒక ప్రార్థన చేసేవాడట: నేను నిన్ను కోయలేదు, విసరలేదు, పిసకలేదు, పొయ్యిలో పెట్టలేదు, ఎవరో చేసి తెచ్చారు, నేను నిర్దోషిగా తింటున్నాను. ఈ ప్రార్థనని మనకి అందించినవాళ్ళు మానీకి విరోధులు, కాబట్టి కొంచెం ఉప్పూకారం కలిసి ఉండొచ్చు. కానీ లోపల ఉన్న లెక్క మాత్రం అదే. తెచ్చినవాడి పాపం వాడు తెచ్చిన భిక్షతోనే పోతుంది, వచ్చే జన్మలో సన్యాసిగా పుట్టొచ్చు, లేదా ఏ పుచ్చకాయగానో పుట్టి సన్యాసి పళ్ళెంలోకి రావచ్చు.

ఇక్కడ నేను మా ఊరి రైతుని ఊహించుకుంటాను. మే నెల ఎండలో దుక్కి దున్ని, అప్పు చేసి విత్తనం వేసి, రాత్రి కరెంటు కోసం మేలుకుని నీళ్ళు పెట్టి, చివరికి నాలుగు బస్తాలు ఇంటికి తెచ్చినవాడికి ఒకాయన వచ్చి, నువ్వు చేసింది హత్య, అయినా ఫరవాలేదు, ఆ అన్నం నాకు పెడితే క్షమిస్తాం అంటే ఏమంటాడు? అన్నం పెడతాడేమో, మనవాళ్ళు ఎవరికైనా పెడతారు. ఆ మతంలో మాత్రం చేరడు.

అగస్టీన్ చేరాడు. తర్వాత రోజుల్లో క్రైస్తవానికి అంత పెద్ద గురువైన ఆ మనిషి ఉత్తర ఆఫ్రికాలో తొమ్మిదేళ్ళు మానీ మతంలో 'వినేవాడు'. ఆయన రైతు కాదు, మాటలతో బతికే మాస్టారు, కాలేజీ కుర్రాళ్ళు ఒక కొత్త సిద్ధాంతం దొరగ్గానే ఎలా ఊగిపోతారో అలా ఊగాడు. బయటికొచ్చాక సిగ్గుపడుతూ రాసుకున్నాడు: అంజూర పండు కోస్తే పండూ, దాని తల్లి చెట్టూ పాల కన్నీళ్ళు కారుస్తాయని నమ్మాను అని. మేడికాయ తుంచినవాళ్ళకి ఆ పాలు తెలుసు, చేతికి అంటుకుంటే ఒక పట్టాన వదలవు, చూస్తే నమ్మబుద్ధి వేసేలాగే ఉంటుంది. అక్కడే ఇంకో మాట ఉంది, నాకు ఎక్కువ గుచ్చుకున్నది అదే. మతం బయటివాడు ఎవడైనా ఆకలేసి ఆ పండు అడిగితే ఇవ్వడం మహాపాపం అనుకునేవాళ్ళమంటాడు, వాడి కడుపులో పడితే వెలుగు మళ్ళీ చెరలో పడ్డట్టే కాబట్టి. ఆకలితో వచ్చినవాడికి పెట్టకూడదనే మతం ఊళ్ళో ఎలా నిలబడుతుంది?

చంద్రుడి పడవ దగ్గర కూడా అగస్టీన్‌కి చిక్కే వచ్చింది. గ్రహణాలు ఎప్పుడొస్తాయో లెక్కలవాళ్ళు ముందే చెప్తున్నారు, అవి జరుగుతున్నాయి, మానీ పుస్తకాల్లో ఆ లెక్క లేదు. వాళ్ళ పెద్ద బిషప్ ఫౌస్టస్ వస్తే అన్నీ తేలుస్తాడన్నారు. ఆయన వచ్చాడు, చక్కగా మాట్లాడాడు, ఆకాశం లెక్కలు నాకు తెలియవని ఒప్పుకున్నాడు. అంతే, ఈయనకి ఉత్సాహం పోయింది.

మీరు ఇప్పుడు జైనుల సంగతి అడుగుతారు. అడగాలి కూడా, ఈ వాదన మొదలుపెట్టినప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టింది వాళ్ళే. జైన ముని కూడా వండుకోడు, పచ్చి ఆకు తుంచడు, గృహస్థు పెట్టింది తింటాడు. గృహస్థుని వాళ్ళు పిలిచే 'శ్రావకుడు' అనే మాటకి అర్థం కూడా వినేవాడనే. హైదరాబాద్‌లో మేం ఉన్న పాత అద్దె ఇంటి ఓనర్లు జైనులు, ఆలుగడ్డ ఉల్లిగడ్డ ఇంట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు, చీకటి పడకముందే భోజనాలు అయిపోయేవి. ఒకసారి మాటల్లో ఆ ఇంటి పెద్దాయన్ని అడిగాను, మీలో వ్యవసాయం చేసేవాళ్ళు ఉండరా అంకుల్ అని. "మట్టిలో ఎన్ని ప్రాణాలు పోతాయి బాబూ, అందుకే మాకు దుకాణం" అన్నాడు, చేతిలో బట్టల తానుతోనే. అంటే వాళ్ళదీ చాలావరకు నాగలి పట్టని మతమే, మరి రెండున్నర వేల ఏళ్ళుగా ఉన్నారు కదా?

నాకు తోచిన తేడా ఒకటుంది. జైనులు ఇంటిని శపించలేదు. పెళ్ళి, పిల్లలు, కొట్టు, వారసత్వం, వీటికి వాళ్ళ దగ్గర ఒక మర్యాదైన చోటు ఉంది, తల్లి ఒళ్ళోనే పిల్లవాడు జైనుడవుతాడు. మానీ లెక్కలో పిల్లల్ని కనడమే చీకటి పన్నిన ఎత్తు, వెలుగుని ఒక ఒంటి నుంచి ఇంకో ఒంట్లోకి మార్చి ఖైదు పొడిగించడం. వినేవాళ్ళు కాపురం చేసుకోవచ్చు, కానీ అది చూసీ చూడనట్టు వదిలేసిన తప్పు. బౌద్ధ భిక్షువులూ అడుక్కునే తిన్నారు, కానీ పెట్టేవాణ్ణి హంతకుడనలేదు. అమరావతి స్తూపానికి విధికుడనే తోలుపని ఆయన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన రాతిపలక ఇచ్చి, ఆ మాట రాతి మీద రాయించుకున్నాడు. తన పనికి తలవంచుకోకుండా, తన వృత్తి పేరుతోనే. మన దగ్గర బౌద్ధం తర్వాత పోయింది, నిజమే, కానీ సింహళంలో, బర్మాలో వరి పండించేవాళ్ళు దాన్ని దాచారు.

జరతుష్ట్రుల్ని చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రాజ్యం పోయింది, పూజారుల అధికారం పోయింది, కొందరు ఓడలెక్కి గుజరాత్ వచ్చి పార్సీలయ్యారు. కానీ ఇరాన్‌లో ఉండిపోయినవాళ్ళు యజ్ద్, కెర్మాన్ పల్లెల్లో తోటలు, చేలు చూసుకుంటూ వెయ్యేళ్ళు పైగా గడిపారు. వాళ్ళ ధర్మగ్రంథం వెందీదాద్‌లో ధాన్యం విత్తినవాడు ధర్మాన్ని విత్తినట్టే అని ఉంది. ఒకే దేశం, ఒకే ఖలీఫాలు. బాగ్దాద్‌లో ఇబ్న్ అల్-నదీమ్ అనే రచయిత 987 ప్రాంతంలో రాస్తూ, ముయిజ్ అల్-దౌలా ఏలిన రోజుల్లో నాకీ నగరంలో మానీవాళ్ళు మూడొందల మంది తెలుసు, ఇప్పుడు అయిదుగురు కూడా లేరు అంటాడు. వాళ్ళు నగరం మనుషులు, పుస్తకాల మనుషులు. నగరంలో తనిఖీ మొదలైతే పారిపోవడానికి వాళ్ళకి ఒక పల్లె లేదు.

రోమ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. 302లో డయొక్లెషియన్ పెద్దల్ని గ్రంథాలతో సహా కాల్చమన్నాడు, తర్వాత క్రైస్తవ చక్రవర్తులు ఆస్తి హక్కులు తీసేశారు, జస్టీనియన్ మరణశిక్ష వేశాడు. ఆ కథ అక్కడికి అయిపోయింది.

తూర్పున మాత్రం ఒక్కసారి అదృష్టం తిరిగింది. 762లో ఉయిఘుర్ల రాజు (వాళ్ళ మాటలో ఖాగాన్) బోగూ చైనా చక్రవర్తికి సాయంగా తిరుగుబాటు అణచడానికి లోయాంగ్ వెళ్ళి, అక్కడ మానీ గురువుల్ని కలిసి, వాళ్ళని వెంటపెట్టుకుని మంగోలియాకి తెచ్చుకున్నాడు. గుర్రాల మీద పుట్టి గుర్రాల మీద పోయే జనం, మాంసం, గుర్రం పాలు తప్ప ఇంకోటి ఎరగరు. కారాబల్గసూన్ శాసనంలో గర్వంగా చెక్కించారు, నెత్తురు ఆవిర్లు కక్కే దేశం ఇకనుంచి కూరగాయలు తినే దేశం అవుతుందని. ఎన్ని గుడారాల్లో నిజంగా కూరగాయలు ఉడికాయో! నడిపించింది మధ్య ఆసియాలోని సోగ్డియా వ్యాపారులు, నిలబెట్టింది ఖాగాన్ కత్తి. ఆ కత్తికి భయపడే తాంగ్ వంశపు చైనా తన నగరాల్లో మానీ గుళ్ళు కట్టనిచ్చింది. 840లో కిర్గిజ్‌లు ఉయిఘుర్ రాజ్యాన్ని కూల్చేశారు, 843కల్లా చైనాలో గుళ్ళు మూతపడ్డాయి, సన్యాసుల్ని చంపారు. మూడేళ్ళు కూడా ఆగలేకపోయిన మతానికి కింద నేల ఎక్కడుంది?

మిగిలిన ఉయిఘుర్లు తుర్ఫాన్ ఒయాసిస్ చేరారు, అక్కడ ఇంకో వందేళ్ళ పైన ఈ మతం నడిచింది, 1000 దాటేసరికి అక్కడి రాజులు కూడా బౌద్ధం వైపు వెళ్ళిపోయారు. 1902 నుంచి 1914 దాకా జర్మన్లు ఆ శిథిలాలు తవ్వారు. మానీ లిపిలో ఉన్న పుటలు, నీలం, బంగారు రంగుల బొమ్మలు దొరికాయి, అంతవరకూ శత్రువుల తిట్ల ద్వారానే తెలిసిన మతం మొదటిసారి సొంత గొంతుతో మాట్లాడింది. ఆ తవ్వకాల్లో ఉన్న ఫాన్ లె కాక్‌కి ఒక రైతు చెప్పిన కథ ఉంది. వీళ్ళు రావడానికి కొన్నేళ్ళ ముందు పొలం కోసం ఒక గుడి కూలగొడుతుంటే అయిదు బండ్ల రాతప్రతులు బయటపడ్డాయట. ఆ రాతలు చూసి భయం వేసింది, పైగా అధికారులు గొడవ చేస్తారేమోనని ఇంకో భయం, అన్నీ తీసుకెళ్ళి ఏట్లో పారేశాడు. ఆ ఊళ్ళో పాత గోడల మట్టి చేలకి మంచి ఎరువని తవ్వుకుపోయేవాళ్ళు. ఎవరి పనిని పాపమన్నారో వాళ్ళ చేనికే ఆ గుడి గోడలు ఎరువయ్యాయి. నాకు రైతు మీద కోపం రాలేదు, రావాలేమో.

అయితే నా వాదనని తిప్పి చూపించే ఊరు ఒకటుంది. దక్షిణ చైనాలో, ఫూజియాన్, జజియాంగ్ కొండ పల్లెల్లో ఈ మతం ఇంకో అయిదారు వందల ఏళ్ళు బతికింది. రాజు లేడు, వ్యాపారి లేడు, అక్కడున్నది రైతులు. 1120లో ఒక సాంగ్ వంశపు అధికారి ఫిర్యాదు రాస్తూ, ఒక్క వెన్‌జౌ ప్రాంతంలోనే నలభైకి పైగా శాకాహార మందిరాలు ఉన్నాయంటాడు. అందులో ఉండేవాళ్ళ బిరుదులు కూడా రాశాడు: సేవకులు, వినేవాళ్ళు, అత్తమ్మలు, ఉపవాసపు అక్కలు. ఆ జాబితా చదివితే మన భజన మందిరం గుర్తొచ్చింది నాకు. కోయనివాడు, కోసేవాడు అన్న పాత గీత అక్కడ చెరిగిపోయింది. మాంసం మానేశారు, కష్టం వస్తే చందాలు వేసుకుని ఒకరికొకరు ఆదుకున్నారు, పొద్దున లేచి చేలోకి పోయారు. 'కూరలు తిని దయ్యాన్ని కొలిచేవాళ్ళు' అని సర్కారు తిట్టింది, మింగ్ వంశం వచ్చాక నిషేధించారు, అయినా అంత సులభంగా పోలేదు.

చువాన్‌జౌ దగ్గర జిన్‌జియాంగ్‌లో త్సావోఆన్ అని చిన్న గుడి ఉంది, గడ్డికప్పు మఠం అని అర్థం. 2021లో చువాన్‌జౌతో పాటు యునెస్కో జాబితాలోకి ఎక్కింది. లోపల రాతి మీద చెక్కిన విగ్రహం, పొడుగు గడ్డం, భుజాల మీదికి జారిన జడలు, వెనక కిరణాలు. చుట్టుపక్కల వాళ్ళు బుద్ధుడని అగరొత్తులు వెలిగిస్తారు, పేరు మాత్రం 'వెలుగు బుద్ధుడు మానీ'. 1339లో దాన్ని చెక్కించిన భక్తుడు పక్కన తన కోరిక రాయించాడు. అందులో చీకటి చెర గురించి లేదు, వెలుగు ముక్కల గురించి లేదు, చంద్రుడి పడవ ఊసే లేదు. చనిపోయిన మా నాన్నా అమ్మా త్వరగా బుద్ధుడి లోకంలో పుట్టాలి అని ఉంది.